మూడో గల్లీకి పెట్టిన పేరు

కాలనీ కమిటీ అధ్యక్షుడు నాగేందర్ వచ్చేసరికి శ్యామలమ్మ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని బీడీలు చేస్తోంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు తంబాకు. డెబ్బై దాటింది, మోకాళ్ళు మాట వినడం మానేశాయి, వేళ్ళు మాత్రం ఆమెను అడగకుండానే పని చేసుకుపోతాయి. నాగేందర్‌కు సిమెంటు దుకాణం ఉంది, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలున్నాయి, నడుస్తూ ఫోను మాట్లాడే అలవాటుంది. ఆ రోజు ఫోను జేబులో పెట్టుకుని, కుర్చీ తానే లాక్కుని కూర్చున్నాడు. అంటే ఏదో పెద్ద పని మీదే వచ్చాడని శ్యామలమ్మకు అర్థమైంది.

"అవ్వా, మన గల్లీలకు పేర్లు పెడుతున్నం," అన్నాడు. "ఒకటో గల్లీ, రెండో గల్లీ అనుకుంట ఎన్నొద్దులు? కార్పొరేషన్ల కలిసినం, జర పద్ధతి ఉండాలె గద. ముందుగాల ఈడికొచ్చి ఇండ్లు కట్టుకున్నోళ్ళ పేర్లు పెడ్దామని మీటింగుల తీర్మానం చేసినం."

శ్యామలమ్మ చేతిలో బీడీకి దారం చుట్టి చాట అంచున పెట్టింది. "మంచి పనే బిడ్డ. మరి మా మూడో గల్లీకి ఎవల పేరు?"

"మూడో గల్లీకి ముందుగాల వచ్చింది మీరే గద."

"మూడోదానికే కాదు, మొత్తం బండ్లగడ్డకే."

"గదే అంటున్న. అందరికీ ఎరుకే."

"అయితే మంచిగ రాయించు. శ కింద య వత్తు పెట్టాలె. కరెంటు బిల్లుల ఎప్పుడు సూసినా సామలమ్మ అనే కొడుతరు."

నాగేందర్ కుర్చీలో అటు ఇటు కదిలాడు. "గాడనే జర తిరకాసు ఉంది అవ్వా. బతికున్నోళ్ళ పేర్లు పెట్టొద్దని గూడ తీర్మానం చేసినం. పెడితే ఆ మనిషి రేపు ఏమన్న గలత్ పని చేసిండనుకో, బోర్డు పీకాల్సొస్తది."

"నేనేం గలత్ పని చేస్త ఈ వయసుల?"

"మీరు చెయ్యరు. గని తీర్మానం అందరికీ ఒక్కటే."

శ్యామలమ్మ ఇంకో ఆకు తీసి దాంట్లో తంబాకు వేసింది. "అంటే ముందుగాల వచ్చుడు సరిపోలే. ముందుగాల పోవాల్సుండె," అంది.

నాగేందర్ నవ్వలేదు. అతను వినయంగా ఉండాల్సిన చోట చాలా వినయంగా ఉంటాడు. "అందుకే ఆత్మారాం బాపు పేరు పెడుతున్నం," అన్నాడు. "ఒక మంచి ఫోటో ఉంటే చూడుండ్రి."

చాట అంచున పేర్చిన బీడీలు ఒళ్ళోకి జారాయి. ఆత్మారాం శ్యామలమ్మ భర్త. పోయి నాలుగేళ్ళు కావస్తోంది.

*

శ్యామలమ్మ వచ్చినప్పుడు దీన్ని కాలనీ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డుకూ, చెరుకు తోటలకూ మధ్య ఎందుకూ పనికిరాక మిగిలిపోయిన గట్టి నేల. చెరుకు కొట్టే కాలంలో ఫ్యాక్టరీకి పోయే బండ్లు ఇక్కడ ఆగి ఎడ్లకు నీళ్ళు పెట్టేవి కాబట్టి బండ్లగడ్డ అన్నారు. మిగతా కాలంలో ఆ పేరు పలికే అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

అప్పుడామె టౌన్‌లో, కంఠేశ్వర్ దగ్గర ఒక కిరాయి గదిలో ఉండేది. మగ్గాలు మూలబడ్డాక ఆత్మారాం నేతవాళ్ళందరిలాగే మహారాష్ట్రలోని బివండికి పోయి పవర్‌లూమ్‌ల మీద పనికి కుదిరాడు. ఆమె పసి కొడుకును పెట్టుకుని బీడీలు చేసేది. తంబాకు వాసన పైకి వచ్చినప్పుడల్లా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నిలబడి తుమ్మేది. ఆ తుమ్ముల్లో సగం నిజమైనవి కావని శ్యామలమ్మకు తెలుసు. ఆ గల్లీలో పాలు పోసే బాలన్నకు ఈ బాధంతా తెలుసు. ఒకరోజు గిన్నెలో పాలు వంచుతూ అన్నాడు:

"రోడ్డు పక్కన నాకో గడ్డ ఉంది చెల్లె. దాని మీద గడ్డి గూడ మొలువది. కావాల్నంటే నువ్వు పోయి మొలువు."

ఆమె చెవులకూ ముక్కుకూ ఉన్నవి అమ్మి అందులో ఒక ముక్క కొన్నది. రిజిస్ట్రీ రోజు కాగితాలు రాసేవాడు ఇంటాయన పేరేమిటని అడిగాడు. మగవాడు ఉండగా ఆడదాని పేరున ఎందుకన్నాడు. అతనికి అది ఎంత సహజంగా తోచిందో ఆమెకూ అంతే సహజంగా తోచింది. భూమి ఆత్మారాం పేరున ఎక్కింది.

దసరాకు అతను వచ్చినప్పుడు ఆమె ఉత్సాహంగా తీసుకుపోయి చూపించింది. ఆత్మారాం భుజం మీద సంచి దించకుండానే నాలుగు దిక్కులూ చూశాడు. ఒక పక్క చెరుకు, ఒక పక్క మట్టిరోడ్డు, నడుమ ఆమె పాతిన నాలుగు కర్రలు.

"ఏమే, ఈడ నక్కలకు కిరాయికిస్తవా?" అన్నాడు.

ఆ రాత్రి టౌన్‌లో అన్న ఇంట్లో పడుకున్నాడు, మరునాడు రైలెక్కాడు. అప్పటినుంచి ఎప్పుడు వచ్చినా బస అన్న ఇంట్లోనే. అక్కడ ఫ్యానుంది, నల్లా ఉంది. కబురు చేస్తే శ్యామలమ్మ గిన్నె కట్టుకుని అంత దూరం నడిచి అన్నం తెచ్చేది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని బండ్లగడ్డ ముచ్చట్లు చెప్పేది. తడకల గోడలో దూరిన పాము గురించి చెప్పింది. మొదటి వానకు పొయ్యి తేలిపోయి వాకిట్లోకి వచ్చిన సంగతి చెప్పింది. కరెంటు స్తంభం కోసం తిరిగి తిరిగి విసిగి, చాట పట్టుకుపోయి ఆఫీసు వరండాలో బీడీలు చేస్తూ కూర్చున్న సంగతి చెప్పింది. తంబాకు ఘాటుకు లోపలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తుమ్మి, చివరికి ఈమెను ఇంటికి పంపే మార్గం స్తంభం వేయడమేనని తేల్చుకున్నారట. ఆత్మారాం ఊఁ కొట్టకుండా అన్నం తినేవాడు. చేయి కడుక్కుని, "పచ్చిపులుసుల ఉప్పు తక్కువైంది," అనేవాడు.

బల్బు వెలిగాక మనుషులు రావడం మొదలైంది. దూరం నుంచి ఆ ఒక్క వెలుతురు చూసి, ఇక్కడ బతకొచ్చనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కర్రలు పాతారు. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, పునాది ఎక్కడ తవ్వకూడదో ఆమే చూపించింది. నాగేందర్ తండ్రి హన్మండ్లు చాలా వెనక, డాంబరు రోడ్డు పడ్డాక వచ్చి రెండంతస్తులు లేపాడు. ఆ గోడలు తడిసింది శ్యామలమ్మ ఇంటి బోరింగు నీళ్ళతోనే. ఇప్పుడు మెయిన్ రోడ్డుకు హన్మండ్లు పేరు ఖాయమైంది. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి అర్హతలో లోపమేమీ లేదు.

ఇక ఆత్మారాం. బివండిలో ఏళ్ళ తరబడి పీల్చిన నూలు దూది ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు అడుగులకొకసారి ఆగాల్సిన స్థితిలో సేటు అతన్ని రైలెక్కించి పంపాడు. స్టేషన్ నుంచి కొడుకు నేరుగా బండ్లగడ్డకే తీసుకొచ్చాడు. అన్న ఇల్లు అప్పటికి పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. ఆటో దిగి ఆత్మారాం వీధి దీపాలు చూశాడు, మిర్చి బండి చూశాడు, గల్లీ చివర ఆగిన ఇంగ్లిష్ మీడియం స్కూలు బస్సు చూశాడు.

"జాగ మంచిదే," అన్నాడు.

పగలంతా రేకుల నీడలో కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు దారిన పోతూ, "పెద్దాయనా, మీరు ఈడికి ఎప్పుడొచ్చిండ్రు?" అని అడిగేవాళ్ళు. మొదట్లో "మొన్ననే" అన్నాడు. ఆ జవాబు విని ఎవరూ ఆగలేదు. వారం తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆత్మారాం ఊపిరి పీల్చుకుని, "నేనొచ్చినప్పుడు ఈడ నక్కలే," అన్నాడు.

మనిషి ఆగాడు. కుర్చీ వేసుకున్నాడు.

లోపల ఆకు కత్తిరిస్తున్న శ్యామలమ్మ చెవిన పాము కథ పడింది. పాము ఆమె చూసినదానికంటే రెండింతలు పొడుగుంది. తర్వాతి రోజు పొయ్యి తేలింది. ఆ తర్వాత స్తంభం కోసం ధర్నా జరిగింది, అందులో చాటా బీడీలూ లేవు, ఆత్మారాం ఒక్కడే ఉన్నాడు. ఊఁ కొట్టకుండా విన్నాడు గాని ఒక్క ముక్క మరిచిపోలేదు. తుమ్ములు రావాల్సిన చోట అతనికి నిజంగానే దగ్గు వచ్చేది, వినేవాళ్ళు లేచి నీళ్ళందించేవాళ్ళు. ఆ విరామంతో కథ ఇంకా రక్తి కట్టేది.

ఒకసారి ఆమె ఆగలేక గుమ్మం దాకా వచ్చింది. అతని ముఖం చూసింది. పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత సంబరం చూసిన గుర్తు లేదు. ఆమె మళ్ళీ లోపలికి పోయి ఆకు కత్తిరించుకుంది. నిజం చెప్పాలంటే తన బతుకు అంత బాగుంటుందని ఆమెకు అంతవరకు తెలియదు. ఆమె పడ్డప్పుడు అది కష్టం మాత్రమే. అతను చెబుతుంటే కథ.

వచ్చి ఆర్నెల్లన్నా కాకుండా, ఉగాది రాకముందే ఆత్మారాం పోయాడు. అప్పటికి గల్లీలో అతని కథలు వినని మనిషి లేడు.

*

"నానమ్మా, నువ్వు ఒప్పుకోవద్దు," అంది మనవరాలు సంజన. డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదువుతోంది, కోపం తొందరగా వస్తుంది. "తాత ఇక్కడ ఉన్నది ఆర్నెల్లు గూడ కాదు. ఇది చరిత్రను మార్చుడు."

"చరిత్ర కాదే, గల్లీ," అంది శ్యామలమ్మ. కాని ఆమెకూ లోపల మండుతూనే ఉంది. ఆదివారం కమిటీ హాల్లో మీటింగు ఉందని తెలిసి, బాలన్నను వెంటబెట్టుకుని పోయింది. మొదటినుంచీ చూసిన మనిషి బాలన్న ఒక్కడే. అతను తన గడ్డ అంతా ముక్కలుగా అమ్మి, చివరి ముక్కలో ఐదో గల్లీలో ఉంటున్నాడు.

దారిలో తన బాధ చెప్పుకున్నాడు. "మా గల్లీకి నా పేరేనట. గని నేనున్న గద, అందుకని ఖాళీగ పెట్టిండ్రు. ఎవడు కనబడ్డా పాణం ఎట్లుందే అని అడుగుతున్నడు. మంచిగుంది అంటే మొకం చిన్నగ చేసుకుంటున్నడు. బోర్డులన్నీ ఒక్కసారే చేయిస్తే అగ్గువ పడతదట."

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, జనం బాగానే ఉన్నారు. ప్రతి ఇంటికీ ఎవరో ఒక స్వర్గస్థుడైన తొలి నివాసి ఉన్నాడు. ఒకాయన తండ్రి ప్లాటు కొని హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు. అయినా మనసంతా ఇక్కడే ఉండేదని కొడుకు చెప్పాడు, దాన్ని మినిట్స్‌లో రాసుకున్నారు. మూడో గల్లీ వంతు వచ్చింది. బాలన్న లేచాడు.

"పెద్దమనుసులు వినుండ్రి. ఆడ ముందుగాల గుడిసె ఏసింది ఈమె. కరెంటు ఆఫీసుల కూసున్నది ఈమె. నేను నా కండ్లతోని సూసిన."

"ఏ సంవత్సరం?" అని అడిగాడు కమిటీ కార్యదర్శి రంజిత్, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్.

బాలన్న పైకప్పు వైపు చూశాడు. "మా బర్రె రెండోసారి ఈనినప్పుడు."

హాలు నవ్వింది. రంజిత్ మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "స్తంభం సంగతి ఆత్మారాం గారే నాకు స్వయంగా చెప్పిండ్రు. నేను ఆయన ముందర కూసొని విన్న. ఒకవేళ ఈ అవ్వ పోయి కూసున్నదనుకున్నా, ఆయన పంపితేనే గదా పోయేది?"

చాలామంది తలలూపారు. ఇద్దరి మాటా నిలిచే దారి దొరికినందుకు అందరికీ తేలిగ్గా అనిపించింది. నాగేందర్ ఆమె వైపు తిరిగాడు. "చెప్పవ్వా. నువ్వేమంటవ్? బాపు మాకు అబద్ధం చెప్పిండంటవా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. ముందు వరసలో ఆత్మారాం కథలు విని నీళ్ళు తెచ్చిచ్చిన ఆడవాళ్ళున్నారు. ఔనంటే పోయిన మనిషిని నలుగురిలో అబద్ధాలకోరును చేయాలి. కాదంటే తాను ఇంతదూరం ఎందుకు నడిచొచ్చినట్టు?

శ్యామలమ్మ జాగ్రత్తగా వెతుక్కుని ఒక మాట పట్టుకుంది. "అబద్ధం ఒక్కటి గూడ లేదు," అంది. "ఆయన చెప్పినయన్ని జరిగినయే."

తీర్మానం ఏకగ్రీవమైంది. ఇద్దరూ వచ్చిన దారినే తిరిగి నడిచారు. ఐదో గల్లీ మలుపులో బాలన్న ఆగి, "నన్నెందుకు తోలుకపోయినవ్ చెల్లె?" అన్నాడు.

*

ఇంట్లో ఆత్మారాం ఫోటో ఒక్కటే ఉంది. బివండి స్టూడియోలో తీయించుకున్నది. వెనక పరదా మీద నీలం సముద్రం, ఒక తెరచాప పడవ. ముందు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ఆత్మారాం. సముద్రాన్ని తీసేసి వెనక పొలాలు పెట్టించారు. కూలింగ్ గ్లాసులు తీయడం కుదరలేదు. బోర్డు మీద పేరు కింద రంజిత్ రాసిన వాక్యం ఉంది: "అడవి వంటి ఈ ప్రాంతానికి తొలి అడుగు వేసి వెలుగు తెచ్చిన దార్శనికుడు."

బోర్డు తెరిచిన రోజు శ్యామలమ్మకు శాలువా కప్పారు. మైకులో ఆమెను దార్శనికుని సతీమణి అన్నారు. రెండు మాటలు చెప్పమని మైకు నోటి దగ్గర పెట్టారు. సంజన జనంలోంచి కళ్ళతోనే ఉసిగొల్పుతోంది. శ్యామలమ్మ మైకు వైపూ, నల్ల కళ్ళద్దాల్లో ఎటు చూస్తున్నాడో తెలియని భర్త వైపూ చూసింది.

"నేను చెప్పేటిదేం లేదు," అంది. "ఆయన అంతా చెప్పేసే పోయిండు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. అంత క్లుప్తంగా, అంత గొప్పగా ఇంకెవరూ మాట్లాడలేదని నాగేందర్ తర్వాత ఇంటికొచ్చి చెప్పాడు. సంజన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అసలు ఇబ్బంది తర్వాత మొదలైంది. శ్యామలమ్మ పెళ్ళైన నాటినుంచీ భర్త పేరు నోట పలకలేదు. ఆ తరం ఆడవాళ్ళలో అది మామూలే. ఆయన, మా ఇంటాయన, పిలగాని నాయిన. ఇన్నేళ్ళూ వాటితోనే గడిచిపోయింది. రేషన్ దుకాణంలో అడిగితే పక్కవాళ్ళు చెప్పేవాళ్ళు. రిజిస్ట్రీ రోజు కూడా బాలన్నే చెప్పాడు. ఇప్పుడు ఇంటి అడ్రసే ఆయన పేరైంది. పింఛను దగ్గర, గ్యాస్ బండ దగ్గర, మందుల దుకాణంలో, ఎక్కడ చూసినా "ఏ వీధి అవ్వా?" అని అడిగేవాళ్ళే. మూడో గల్లీ అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు, కార్పొరేషన్ వేసిన కొత్త అంకెల ప్రకారం అది ఇంకెక్కడో ఉంది. బండ్లగడ్డ అన్న పేరు పాతవాళ్ళ నోటనే మిగిలింది. కొన్నాళ్ళు బోర్డు ఫోటోను సంజన ఫోనులో చూపించి పని జరుపుకుంది. భర్త ఉన్నన్నాళ్ళూ దాచిన పేరును ఈ వయసులో బయట పెట్టడం ఆమెకు ఏదోలా ఉంది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం వేళ్ళ నొప్పికి మందు రాయించుకోవడానికి కంఠేశ్వర్ దవాఖానకు ఒంటరిగా పోయింది. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో దగ్గరికి వచ్చి, "బండ్లగడ్డ వస్తవా?" అని అడిగింది.

డ్రైవరు నవీపేట్ నుంచి కొత్తగా వచ్చినవాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "గా పేరుతోని ఏం లేదవ్వా. వీధి పేరు చెప్పు."

"గదే, బోధన్ రోడ్డు మీద, మూడో గల్లీ…"

"వీధి పేరు, వీధి పేరు."

ఆమె అటు ఇటు చూసింది. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. "ఆత్మారాం," అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"ఆఁ?"

"ఆత్మారాం."

అతను ఒక చెవి ఖాళీ చేసుకుని ముందుకు వంగాడు. "గట్టిగ చెప్పవ్వా, ట్రాఫిక్‌ల వినబడ్తలేదు."

శ్యామలమ్మకు ఒళ్ళు మండింది. "ఆత్మారాం," అని గొంతెత్తి అరిచింది. పండ్ల బండివాడు తల తిప్పి చూశాడు. దవాఖాన మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు చూశారు. ఆమె అనుకున్నంత సిగ్గేమీ వేయలేదు. దూరంగా పోతున్న మనిషిని వెనక్కి రమ్మని పిలిచినట్టు ఉంది. ఆ దసరా మరునాడు, సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కు పోతున్నప్పుడు ఒక్కసారి ఇట్లా పేరు పెట్టి పిలిచి ఉంటే ఆగేవాడేమో అనుకుంది. ఆగేవాడు కాదని కూడా ఆమెకు తెలుసు. అయినా పిలిచి చూడాల్సింది.

"ఆత్మారాం వీధా, గట్ల చెప్పు మరి. ఎక్కు," అన్నాడు డ్రైవరు.

ఆమె ఎక్కి మందుల సంచి ఒళ్ళో పెట్టుకుంది. వెనక సీట్లో ఒక చోటు ఖాళీగా ఉంది. అది నిండితేగాని ఆటో కదలదు. డ్రైవరు కిందికి దిగి, ఒక కాలు ఆటో మీద పెట్టి, రోడ్డు మీద పోయే జనాన్ని చూస్తూ అందుకున్నాడు. "ఆత్మారాం, ఆత్మారాం, ఆత్మారాం… ఒక్కరు, ఇంకొక్కరు…"

శ్యామలమ్మ చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, పక్కన ఇంకో మనిషి పట్టేలా కొంచెం జరిగి కూర్చుంది.